చదివిన చదువు మరో విశ్వవిద్యాలయంలో ఎంతవరకు లెక్కకు వస్తుంది?

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థులు, తల్లిదండ్రులు, అధ్యాపకులు హాజరైన సభలో ఒక విశ్రాంత గణితశాస్త్ర ఆచార్యులు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు, వెనక వరుసలను ఇష్టపడి ఎంచుకున్న విద్యార్థులకు నమస్కారం.

నాకు అప్పగించిన విషయం క్రెడిట్ల బదిలీ. క్రెడిట్ అంటే చదివిన చదువును కొలిచే కొలమానం. ఒక విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివిన విద్యార్థి మరో విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు, అంతకు ముందు చదివిన దానిలో ఎంత భాగాన్ని కొత్తచోట లెక్కలోకి తీసుకుంటారు, దేన్ని చూసి తీసుకుంటారు అన్నది ఈ సాయంత్రం మనం మాట్లాడుకోవలసిన సంగతి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇటువంటి దరఖాస్తులను పరిశీలించే సంఘాల్లో కూర్చున్నవాణ్ని కనుక, బల్లకు అవతలి వైపు నుంచి ఈ వ్యవహారం ఎలా కనబడుతుందో చెబుతానని నిర్వాహకులు నన్ను పిలిచారు.

పాసైన సబ్జెక్టును కొత్త విశ్వవిద్యాలయం ఒప్పుకోకపోతే, మన కళాశాలను చిన్నచూపు చూశారనో, మార్కులు చాలలేదనో పిల్లలు అనుకుంటారు. తల్లిదండ్రులైతే ఎవరినైనా పెద్దమనిషిని పట్టుకుంటే పని జరుగుతుందేమోనని ఆలోచిస్తారు. వాస్తవానికి ఒక్కో దరఖాస్తు మీద మూడు నిర్ణయాలు విడివిడిగా జరుగుతాయి. చదివిన సంస్థ గుర్తింపు పొందినదేనా అన్నది రిజిస్ట్రార్ కార్యాలయం చూస్తుంది. చదివిన సబ్జెక్టు తమ సబ్జెక్టుకు సమానమా అన్నది ఆ శాఖ అధ్యాపకులు చూస్తారు. సమానమే అనుకున్నా, విద్యార్థి కోరుతున్న డిగ్రీలో దానికి చోటు ఉందా అన్నది విశ్వవిద్యాలయంలో చదువుల వ్యవహారాలు చూసే అకడమిక్ కౌన్సిల్ చేసిన నిబంధనలు తేలుస్తాయి. ఈ మూడింటిలో ఎక్కడ ఆగినా విద్యార్థి చెవిన పడేది మాత్రం "కుదరదట" అన్న ఒక్క ముక్కే. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియనివాడు ఏ కాగితం తేవాలో, ఎవరిని ఏమని అడగాలో తెలియక కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు.

మొదటి మెట్టు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన దేశంలోని విశ్వవిద్యాలయమైతే యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, గుర్తింపు ఉందా లేదా అన్నది క్షణాల్లో తేలిపోతుంది. విదేశీ డిగ్రీల సమానత్వాన్ని 1925లో ఏర్పడిన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం చిరకాలంగా పరిశీలిస్తూ వచ్చింది, 2025లో యూజీసీ కూడా ఇందుకోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వృత్తి విద్యల దారి మాత్రం వేరు. ఉదాహరణకు, బార్ కౌన్సిల్ 2008లో చేసిన న్యాయవిద్య నిబంధనలు మధ్యలో చేరడాన్ని, మధ్యలో పట్టా తీసుకొని వెళ్లిపోవడాన్ని నిషేధించాయి. అటువంటి చోట ఏ విశ్వవిద్యాలయమూ తనంతట తానుగా ఉదారంగా ఉండలేదు.

మనవాళ్లు తరచుగా తడబడే మాట ఒకటి ఇక్కడే చెబుతాను. అనుబంధ కళాశాలలో చదువుతున్న విద్యార్థి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, ఆయన సరేనంటే పని అయిపోయిందనుకుంటాడు. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం కనుక సమానత్వాన్ని నిర్ణయించేదీ విశ్వవిద్యాలయమే. ప్రిన్సిపాల్ దరఖాస్తును పైకి పంపగలరు, అంతవరకే. పైగా స్వయంప్రతిపత్తి గల కళాశాలలకు సిలబస్‌ను రూపొందించే సొంత బోర్డు ఆఫ్ స్టడీస్ ఉంటుంది, సొంత సిలబస్ ఉంటుంది. మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోనే ఒక స్వయంప్రతిపత్తి కళాశాల నుంచి మామూలు అనుబంధ కళాశాలకు మారిన విద్యార్థికి, చివర్లో వచ్చే పట్టా అదే అయినా, మధ్యలో చదివిన పేపర్లు వేరుగా ఉండవచ్చు.

ఇక రెండవ మెట్టు. అసలు పేచీ అంతా ఇక్కడే ఉంది కనుక కొంచెం నిదానంగా చూద్దాం.

ముందు కొలత సంగతి. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం ఒక సెమిస్టర్‌లో 15 గంటల పాఠానికి ఒక క్రెడిట్, 30 గంటల ప్రయోగశాల పనికి ఒక క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160, అంటే ఏడాదికి 40. ఐరోపా దేశాల్లో అదే ఏడాదికి 60 క్రెడిట్లు రాస్తారు. బ్రిటన్‌లో 120 రాస్తారు. అమెరికాలో సెమిస్టర్ పద్ధతి ఉన్నచోట సుమారు 30 రాస్తారు. పూర్వం ఊరికొక శేరు ఉన్న కాలంలో వడ్లు అవే అయినా అంకె మారినట్టు, ఒక విద్యార్థి ఒక ఏడాది పూర్తిగా చదివిన చదువు నాలుగు చోట్ల నాలుగు అంకెలుగా కనబడుతుంది. అందువల్ల అంకెను అంకెతో పోల్చకూడదు. పూర్తి సంవత్సరం చదువులో అది ఎన్నో వంతు అన్నది చూడాలి. ఇది గ్రహించక మన పిల్లలు కొందరు, "నేను మూడేళ్లలో 120 తెచ్చుకున్నాను, అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి కావలసిందీ 120 కదా, మరి నాకింకా ఏడాది చదువు ఎందుకు బాకీ అంటున్నారు?" అని అడుగుతారు. విదేశీ చదువులను అక్కడి లెక్కలోకి మార్చి చూపే మూల్యాంకన సంస్థ, సంవత్సరానికి 30 చొప్పున లెక్కిస్తే, ఆ మూడేళ్లను 90 దగ్గర నిలబెడుతుంది. అక్కడే కొన్ని విశ్వవిద్యాలయాలు ఏడాదిని క్వార్టర్లుగా విభజిస్తాయి, ఒక క్వార్టర్ క్రెడిట్ సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులు మాత్రమే. కనుక 5 క్రెడిట్ల క్వార్టర్ కోర్సు సెమిస్టర్ లెక్కలో 3.33 అవుతుంది. నాలుగు క్రెడిట్ల కోర్సు స్థానంలో దాన్ని పెట్టమంటే మిగిలిన భాగాన్ని ఎలా పూరించాలన్న ప్రశ్న వస్తుంది. ఇందులో పక్షపాతం ఏమీ లేదు, వట్టి కూడికలూ భాగహారాలే.

కొలత కుదిరాక అధ్యాపకుడి చేతికి సిలబస్ వస్తుంది. మార్కుల జాబితా సబ్జెక్టు పేరు మాత్రమే చెబుతుంది. పేరును నమ్మి సమానత్వం ఇచ్చే అధ్యాపకుడు తన పని సరిగా చేయనట్టే. నా సబ్జెక్టు నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. రియల్ అనాలసిస్ అన్న పేపరు దాదాపు ప్రతి బీఎస్సీ గణితంలోనూ ఉంటుంది. ఒకచోట అనుక్రమాలు, శ్రేణులు, అవిచ్ఛిన్నత, అవకలనం, రీమాన్ సమాకలనం అన్నీ ఒకే పేపరులో ఉంటాయి. మరొకచోట అవకలనం దగ్గర ఆపి, రీమాన్ సమాకలనాన్ని తరువాతి సెమిస్టర్‌కు వదిలిపెడతారు. ఆ రెండవ చోటు నుంచి మధ్యలో వచ్చిన విద్యార్థి పేపరు పాసైనవాడే, మంచి గ్రేడు తెచ్చుకున్నవాడే, అయినా సమాకలనం చూడనివాడు. వాడికి సమానత్వం ఇచ్చి సమాకలనం మీద ఆధారపడిన తరువాతి పేపరులో కూర్చోబెడితే, మొదటి వారంలోనే తెలియని మాటలు వినబడతాయి. కాబట్టి అనుభవం ఉన్న అధ్యాపకుడు పాత పేపరును తన పేపరుతో పోల్చి ఊరుకోడు, దీని తరువాత మేము చెప్పబోయేదాన్ని ఈ విద్యార్థి అందుకోగలడా అని ఆలోచిస్తాడు. రసాయనశాస్త్రంలో సిద్ధాంతం చదివి ప్రయోగాలు చేయనివాడికి కొంత భాగమే ఇచ్చి, ప్రయోగశాల క్రెడిట్‌ను విడిగా పూర్తి చేయమనడం కూడా ఇందుకే.

ఎంత శాతం అంశాలు కలిస్తే సమానం అనాలి? చాలాచోట్ల నాలుగింట మూడు వంతులు కలిస్తే సరే అనే వాడుక ఉంది. గీత ఎక్కడో గీయాలి కనుక నేను దాన్ని తప్పుపట్టను. అయితే సిలబస్‌లోని పంక్తులను లెక్కపెట్టి శాతం తేల్చేవాళ్లను చూసి చాలాసార్లు విసుగు చెందాను. సిలబస్‌లో ఒక పంక్తిగా కనబడే అంశం తరగతిలో మూడు వారాలు పట్టవచ్చు, అయిదు పంక్తులు ఒక్క గంటలో అయిపోవచ్చు. గంటలు రాసి ఉన్న సిలబస్ అందుకే విలువైనది. ఏ యూనిట్‌కు ఎన్ని గంటలో, పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయాలో ముద్రించిన సిలబస్ చేతికి వస్తే అధ్యాపకుడికి అనుమానం తగ్గుతుంది. ఏమీ లేకుండా మూడు వాక్యాల వివరణ మాత్రమే వస్తే, అనుమానం విద్యార్థికి వ్యతిరేకంగా పనిచేస్తుంది.

ఆ సిలబస్ మీరు చదివిన సంవత్సరానిదే కావాలి. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోని ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆర్20, ఆర్23 అనే రెగ్యులేషన్ల పేర్లు కంఠతా వచ్చు. కొన్నేళ్లకొకసారి రెగ్యులేషన్ మారుతుంది, అదే పేరున్న సబ్జెక్టులో యూనిట్లు మారిపోతాయి. హాజరు చాలక డిటెయిన్ అయి, మరుసటి ఏడాది కొత్త రెగ్యులేషన్‌లో తిరిగి చేరిన విద్యార్థి విశ్వవిద్యాలయం దాటకుండానే ఈ సమానత్వ సమస్యను ఎదుర్కొంటాడు. అతడికి ఇచ్చే బదులు సబ్జెక్టుల జాబితా కూడా ఇదే పద్ధతిలో తయారవుతుంది. చదువుతున్న రోజుల్లోనే ప్రతి సెమిస్టర్ సిలబస్‌నూ దించుకొని పెట్టుకోండి. నాలుగేళ్ల తరువాత పాత సిలబస్ కోసం వెతికేవాడికి వెబ్‌సైటులో కొత్తదే కనబడుతుంది. అప్పుడు పాత కళాశాలకు వెళ్లి, అధికారి సంతకం, ముద్ర వేయించుకొని రావడం ఎంత పనో ఈ సభలో తెలిసినవారు ఉన్నారు.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలు సరిహద్దు ప్రాంతాలు కావడం వల్ల మరొక చిక్కు ఉంది. చిత్తూరు పిల్లలకు వేలూరు దగ్గర, కుప్పం పిల్లలకు బెంగళూరు దారి సులువు, సత్యవేడు వైపువారికి చెన్నై పక్కనే. పెళ్లి వల్లనో, తండ్రి ఉద్యోగం వల్లనో డిగ్రీ మధ్యలో సరిహద్దు దాటే అమ్మాయిలను చాలామందిని చూశాను. వాళ్ల ప్రధాన సబ్జెక్టులు ఏదోవిధంగా కుదురుతాయి, భాషా పేపర్ల దగ్గరే ముడిపడుతుంది. తమిళనాడు కళాశాలల్లో పార్ట్-1 అనే భాషా విభాగం కింద తమిళం చదివిన అమ్మాయి ఇక్కడికి వస్తే ఆ క్రెడిట్లను ఏమి చేయాలి? డిగ్రీ స్థాయిలో ఒక భాషను, ఒక సాహిత్యాన్ని చదవడమే ఆ పేపరు ఉద్దేశం కనుక, ఏ భాష అన్న పట్టింపు లేకుండా ద్వితీయ భాష స్థానంలో దాన్ని ఒప్పుకోవాలని నా అభిప్రాయం. రెండు రాష్ట్రాల మాటలూ వినబడే ఊళ్లలో ఉంటూ ఇంతమాత్రం ఉదారంగా ఉండలేకపోవడం నాకు సబబుగా తోచదు. నిబంధన మాత్రం ఏ విశ్వవిద్యాలయానిది ఆ విశ్వవిద్యాలయానిదే. చేరకముందే రాతపూర్వకంగా అడగవలసిన ప్రశ్నల్లో ఇది మొదటిది.

పేపరుకు పేపరు పోల్చడం ఒక్కటే పద్ధతి అనుకోకండి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసినవారు బీటెక్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరుతున్నారు, దీన్నే లాటరల్ ఎంట్రీ అంటారు. వారి డిప్లొమాలోని గణితాన్ని మొదటి సంవత్సరం గణితంతో ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. డిప్లొమా మొత్తాన్ని ఒక ముద్దగా తీసుకొని మొదటి సంవత్సరానికి బదులు అంటారు. ఈ ముద్ద లెక్కలో జాప్యం లేదు, పేచీ లేదు. అయితే రెండవ సంవత్సరం గణితం మొదలయ్యేటప్పటికి లాటరల్ ఎంట్రీ పిల్లలు పడే ఇబ్బంది ఇంజినీరింగ్ కళాశాలల్లో గణితం చెప్పిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పేపరుకు పేపరు పోలిస్తే విద్యార్థికి కాలం వృథా, ముద్దగా ఒప్పుకుంటే పునాదిలో ఖాళీ. రెండింటి మధ్య, లోటు పూరించడానికి వేసవిలో నడిపే వారధి తరగతులే మేలని నేను నమ్ముతాను.

మూడవ మెట్టుకు వద్దాం. సబ్జెక్టును ఒప్పుకోవడం ఒకటి, అది డిగ్రీ అవసరానికి అక్కరకు రావడం మరొకటి. 60 క్రెడిట్లు ఒప్పుకున్నామని ఉత్తరం వస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టి డిగ్రీ పట్టికను తెరిచి చూస్తే, అందులో కొన్ని మాత్రమే మేజర్ సబ్జెక్టు గడుల్లో పడి, మిగిలినవి ఐచ్ఛికాల గడిలో కుప్పపడి ఉంటాయి. ఐచ్ఛికాల గడికి పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటిన క్రెడిట్లు కాగితం మీద ఉంటాయి, డిగ్రీని ఒక్క రోజు కూడా ముందుకు జరపవు. స్థాయి కూడా ఒక అడ్డే. యూజీసీ చట్రం కోర్సులకు 100 నుంచి 199 వరకు ప్రాథమిక స్థాయి, 200లలో మధ్యమ స్థాయి, 300లలో ఉన్నత స్థాయి, 400లలో ప్రౌఢ స్థాయి అని అంకెలు ఇచ్చింది. మొదటి స్థాయి కోర్సు ఎంత బాగా చదివినా మూడవ స్థాయి కోర్సు స్థానంలో కూర్చోదు.

అన్నిటికంటే గట్టి నిబంధన సొంత క్రెడిట్లది. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం, ఆ పట్టాలో కనీసం ఇంత భాగం మా దగ్గరే చదివి ఉండాలి అంటుంది. విద్యార్థుల క్రెడిట్లను ఖాతాల్లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కోసం 2021 జులైలో యూజీసీ ఇచ్చిన నిబంధనల్లో ఇది సగం. అమెరికాలో చివరి 30 క్రెడిట్లు తమ దగ్గరే చేయాలనే విశ్వవిద్యాలయాలు అనేకం. పట్టా మీద ఎవరి ముద్ర ఉంటుందో ఆ సంస్థే విద్యార్థి సామర్థ్యానికి పూచీ పడుతోంది కనుక ఇది న్యాయమైన షరతే అంటాను.

ఈ బ్యాంక్ గురించి అందరూ అడుగుతున్నారు కనుక చెబుతాను. విద్యార్థి ఖాతా తెరుచుకుంటాడు, క్రెడిట్లను మాత్రం సంస్థే జమ చేస్తుంది, మనం మన సర్టిఫికెట్ తీసుకెళ్లి జమ చేయలేము. జమ అయిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. ఒక సర్టిఫికెట్ కోసమో డిగ్రీ కోసమో ఒకసారి వాడుకుంటే అవి ఖాతా నుంచి శాశ్వతంగా తరిగిపోతాయి. ఇది మంచి ఏర్పాటే, సందేహం లేదు. కానీ ఇది రుజువు చేసేది మొదటి మెట్టును మాత్రమే. ఈ విద్యార్థి ఈ గుర్తింపు పొందిన సంస్థలో ఈ క్రెడిట్లు నిజంగా సంపాదించాడని చెబుతుంది. మీ రియల్ అనాలసిస్ మా రియల్ అనాలసిస్‌కు సమానమా అన్న ప్రశ్నకు ఖాతా జవాబు చెప్పదు. ఖాతాలో క్రెడిట్లు కనబడుతున్నాయి కదా అని శాఖాధిపతితో వాదించి లాభం లేదు.

కేంద్ర ప్రభుత్వం నడిపే 'స్వయం' అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సులూ ఇంతే. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి వీలుంది. ఆ వేదికలో ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సు 12 వారాలదైతే సాధారణంగా మూడు క్రెడిట్లు. అయితే మీ విశ్వవిద్యాలయం ఆ సెమిస్టర్‌కు ఆమోదించిన జాబితాలో ఆ కోర్సు ఉండాలి. ముందు పరీక్ష రాసి, తరువాత జాబితా చూసుకునే అలవాటు మన పిల్లల్లో ఎక్కువ.

విదేశాలకు వెళ్లేవారికి రెండు మాటలు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారేటప్పుడు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారి రికార్డును సెవిస్‌లో, అంటే అక్కడి ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే వ్యవస్థలో, బదిలీ చేయడం వలస చట్టానికి సంబంధించిన పని. దానికీ క్రెడిట్ల బదిలీకీ సంబంధం లేదు, ఒకటి జరిగితే రెండవది జరిగినట్టు కాదు. అలాగే, అక్కడ అనేక విశ్వవిద్యాలయాలు సీ గ్రేడు లేదా అంతకంటే మెరుగైన గ్రేడు ఉన్న కోర్సులనే ఒప్పుకుంటాయి, పీజీ స్థాయిలో బీ అడుగుతాయి. ఒప్పుకున్నాక కూడా క్రెడిట్లే వెళతాయి, గ్రేడు వెళ్లదు, కొత్తచోట జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇక్కడ తొమ్మిది పాయింట్లు తెచ్చుకున్నవారికి ఇది బాధగానే ఉంటుంది, బొటాబొటిగా గట్టెక్కినవారికి మాత్రం వరం.

చివరిగా, కాదన్న తరువాత ఏమి చేయాలన్నది. మొదట ఏ మెట్టు మీద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. కారణం రాయకుండా దరఖాస్తును తిప్పిపంపే అలవాటు మన కార్యాలయాల్లో ఉంది, అది మానుకోవాలి. కాదన్న అధ్యాపకుడు ఏ యూనిట్ లోపించిందో ఒక్క వాక్యం రాస్తే విద్యార్థికి నెలల తిరుగుడు తప్పుతుంది. సబ్జెక్టు సమానం కాదన్నారని తేలితే, బతిమాలే ఉత్తరం రాయకండి. ఒక పట్టిక తయారు చేయండి. ఎడమవైపు వాళ్ల సిలబస్‌లోని యూనిట్లు, కుడివైపు అదే అంశం మీ సిలబస్‌లో ఏ యూనిట్‌లో, ఎన్ని గంటలు, ఏ పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయంలో ఉందో రాయండి. వాళ్ల ఒక పేపరులోని అంశాలు మీ దగ్గర రెండు పేపర్లలో చెదిరి ఉంటే ఆ రెండింటినీ కలిపి చూపండి, ఒకదానికొకటి చొప్పున మాత్రమే పోల్చాలన్న నియమం చాలాచోట్ల లేదు. లేని అంశం ఉంటే లేదనే రాసి, దాన్ని ఒక పరీక్ష ద్వారా పూర్తి చేయడానికి అనుమతి అడగండి. ఇటువంటి పట్టికతో వచ్చిన దరఖాస్తులను మేము రెండవసారి చదివి నిర్ణయం మార్చిన సందర్భాలు ఉన్నాయి. సొంత క్రెడిట్ల నిబంధన వల్ల ఆగితే మాత్రం అప్పీలు చేసి కాలం పోగొట్టుకోకండి, దాన్ని సడలించే అధికారం సంఘంలో కూర్చున్న ఏ అధ్యాపకుడికీ ఉండదు. ఆ సమయంలో మిగిలిన సెమిస్టర్లకు ఏ పేపర్లు కావాలో లెక్కవేసుకొని, ఫీజు కట్టే గడువులోపు రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోండి.